పటేలు చూపు – సంగము చూపు

హైదరాబాదు నుండి ముంబాయికి పోవు రాజమార్గము తెలంగాణమును విడిచి కర్ణాటకమున ప్రవేశించు తావున చిరాగ్‌పల్లి యను గ్రామము కలదు. సరిహద్దు తనిఖీ కేంద్రముచే ఈ పేరు చిరకాలము బండ్లు నడపువారికి పరిచితమై యుండెను. 1956కు పూర్వము ఈ జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాలో చేరినది. నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. ఇచ్చటి పిల్లలు ఇంట తెలుగును, సంతలో కన్నడమును, ఉరుదూను వినుచు పెరుగుదురు. పదవతరగతి ముగియుసరికి వారి కన్నులు జహీరాబాదు చుట్టునున్న కర్మాగారములవైపు తిరుగును. ట్రాక్టర్లు నిర్మించు మహీంద్రా వారి కర్మాగారము అచ్చట నున్నది. ఝరాసంగము, న్యాలకల్ మండలములలో వేలకొలది యెకరములపై పారిశ్రామిక మండలి నేర్పరచు యత్నము సాగుచున్నది. మా శిష్యులలో పెక్కురు ఇట్టి చోట్ల కూలివారగుదురు, కొందరు మేస్త్రీలగుదురు, ఒకరిద్దరు అధికారులును కావచ్చును. ఆ యొకరిద్దరు తమ చేతిక్రింది వారిని ఏ కన్నుతో చూతురో యను విచారము మమ్ము చాల కాలముగా విడువకున్నది.

గత సంవత్సరము ఒక శనివారము సాయంకాలము మేము పిల్లలకు చార్లీ చాప్లిన్ నిర్మించిన 'మోడరన్ టైమ్స్' చూపితిమి. 1936లో వెలువడిన ఆ చిత్రమున కథానాయకుడు కర్మాగారమున మరలు బిగించు కూలివాడు. యజమాని తన గదిలో కూర్చుండి ముక్కలు పేర్చి బొమ్మ కట్టు ఆట నాడుకొనుచు, పత్రికలోని హాస్యచిత్రములు చూచుకొనుచు, నడుమ నడుమ తెరపై ప్రత్యక్షమై యంత్రవేగము పెంచుడని యాజ్ఞాపించుచుండును. కూలివాడు మరుగుదొడ్డికి పోయి ఒక్క దమ్ము పీల్చుకొందమన్నను అచ్చటి గోడపై యజమాని ముఖము ప్రత్యక్షమై గద్దించును. పిల్లలు కడుపుబ్బ నవ్విరి. ఒక బాలిక మాత్రము లేచి, "గాయన కిందికెందుకు రాడు సార్? గోడ మీదికెళ్లే ఎందుకు మాట్లాడ్తడు?" అని యడిగెను. మాకు సమాధానము తోచలేదు. చలనచిత్రము పుట్టినది మొదలు పనివారిని అది ఎచ్చట నిలిచి చూచినదో చరిత్రలో వెదకుటకు మమ్ము పురికొల్పినది ఈ ప్రశ్నయే.

చలనచిత్ర చరిత్రకు ఆదియందే కర్మాగారమున్నది. 1895 మార్చి 22వ తేదీన పారిసు నగరమున కొందరు విద్వాంసుల యెదుట, డిసెంబరు 28న రుసుము చెల్లించిన ప్రేక్షకుల యెదుట లూమియేర్ సోదరులు ప్రదర్శించిన చిత్రము పనివారు కర్మాగారము నుండి వెలికి వచ్చు దృశ్యము. నిడివి నిముషమైనను లేదు. లియాన్ నగరమున ఛాయాచిత్రములకు వలయు పలకలు చేయు కర్మాగారమది. తలుపులు తెరువబడును, స్త్రీలే యెక్కువగా నున్న జనసమూహము బిలబిల వెలికి వచ్చును, ఒక కుక్క పరుగెత్తును, తలుపులు మూయబడును. కెమేరా మనుష్యుని కన్నుల యెత్తుననే యున్నది గాన, చూచువానికి తానును ఆ వీధిలో నిలిచిన ట్లుండును. అయినను ఒక సంగతి మరువరాదు. ఆ కెమేరా యజమానులది. ఆ కర్మాగారమును వారిదే. ద్వారము వెలుపలి వెలుతురును మనము చూచితిమి గాని లోపల ఆ స్త్రీలు దినమెల్ల ఏమి చేయుచుండిరో, వారి వ్రేళ్ళకు ఏ రసాయనము సోకుచుండెనో చూడలేదు. కన్నుల యెత్తున నిలిచినంత మాత్రమున చాలదు. ఆ యంత్రము ఎవరి చేతిలో నున్నదని కూడ నడుగవలెను.

చాప్లిన్ చిత్రమున ఈ విషయము మరింత స్పష్టము. మాటలు వచ్చిన కాలమున తీసిన మూకచిత్రమది. అందు మానవుని పలుకు వినబడుట బహు స్వల్పము. వినబడినపుడును యంత్రముల ద్వారముననే, తెరపై యజమాని పలుకు గానో, రేడియో గానో, పాటల పెట్టె గానో వినబడును. చివర కథానాయకుడు అర్థములేని మాటలతో ఒక పాట పాడును, అంతియే. పలుకు హక్కు యజమానిది, చెవి యొగ్గు విధి కూలివానిది. మధ్యాహ్నపు విరామము తగ్గించుటకై కూలివానికి యంత్రముతో అన్నము తినిపించు ప్రయోగ మొకటి అందు కలదు. ఆ యంత్రము తిరుగబడి వాని ముఖమెల్ల పులుసు చేయును. యజమాని ఆ యంత్రమును నిరాకరించును గాని, క్రూరమని కాదు, ఉపయోగకరము కాదని! ఈ ఒక్క ఘట్టము పరిపాలనాశాస్త్ర గ్రంథములు పదింటికి సమానమని మా యభిప్రాయము. క్రూరము కాదా యని యడుగని సంస్థలో క్రౌర్యము ఆగుట యాదృచ్ఛికము. అక్కరకు వచ్చు క్రూరయంత్రము దొరికిన దినమున దానిని తప్పక కొందురు.

మన తెలుగు చిత్రములు తొలుత పురాణములలో తిరుగాడెను. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల'ను, 1939లో 'రైతుబిడ్డ'ను తీసి కెమేరాను వెలివాడకు, పొలమునకు కొనిపోయిరి. 'రైతుబిడ్డ' జమీందారుల యాగ్రహమునకు గురియై నిషేధమునకు పాలయ్యెను. ఆ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు వెన్నుదన్నుగా నిలిచినవారు స్వయముగా జమీందారులైన చల్లపల్లి రాజావారగుట చరిత్రలోని చమత్కారములలో నొకటి. తన వర్గమును తాను అద్దములో చూచుకొనుటకు సొమ్ము పెట్టిన ప్రభువును ఏ పక్షమున లెక్కింపవలెనో మాకు నేటికిని తెలియదు. ఆయన యుద్దేశ మెట్టిదైనను, అద్దమైతే తయారైనది.

1969లో వి. మధుసూదనరావుగారి దర్శకత్వమున వచ్చిన 'మనుషులు మారాలి' మిల్లు కార్మికుల కథ. సమ్మెకాలమున భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఆకలికి తాళజాలక బిడ్డలకు విషమిచ్చి న్యాయస్థానమున నిలుచును. శారదగారు ధరించిన ఆ పాత్రను చూచి కంటతడి పెట్టని గృహము ఆ దినములలో అరుదు. మిల్లు మూయుట ఒక సంతకముతో నగు పని. ఆ సంతకము వంటయింటికి చేరుసరికి ఏమగునో చూపినది ఈ చిత్రము. అధికారము చేయువారు తమ యాజ్ఞల తుదకొన చూడరు. కాగితముపై మొదటికొననే చూతురు. చలనచిత్రము వారికి చేయగల యుపకారములలో మొదటిది తుదకొన చూపుట.

ఇక మా ప్రాంతమునకు వత్తము. 1980లో విడుదలయైన 'మా భూమి' తెలంగాణ రైతుల సాయుధ పోరాటమును గూర్చిన చిత్రము. దర్శకుడు వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్, నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ గారలు, మూలము కిషన్ చందర్ ఉరుదూ నవల. మెదకు జిల్లా గ్రామమున చిత్రించిన దగుటచే అందలి గడీలు, మట్టిగోడలు, గొంగళ్ళు మా పెద్దలకు పరిచితములు. వెట్టి యన నేమో పాఠ్యపుస్తకమున రెండు పంక్తులలో చదివిన పిల్లలకు ఈ చిత్రము చూపిన, దొర యెదుట మనుష్యుని వెన్ను ఎట్లు వంగునో తెలియును. నైజాము రాజ్యమున గ్రామపు పెత్తనము మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీల చేతిలో నుండెను. 1980ల నడుమ ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసినది. పదవి చట్టముతో పోయినది కాని, పటేలు చూపు పోవుటకు చట్టము చాలలేదు.

ఆ మాట విడమరచి చెప్పుటకు ముందు చిత్రపరిశ్రమ తన పనివారిని ఎట్లు చూచెనో కొంచెము చెప్పవలెను; ఇతరులకు నీతి చెప్పువాని యింటిని కూడ చూచుట న్యాయము గదా. మదరాసులో నాగిరెడ్డి, చక్రపాణి గారలు నడపిన విజయా సంస్థ నటులను, సాంకేతికులను నెలజీతములపై నుంచుకొనెడిది. ఎన్.టి. రామారావుగారును అట్టి యొప్పందముతోనే అచ్చట చేరిరి. 'షావుకారు' (1950), 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) – ఈ నాలుగింటికిని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీయే. రేపటి కూడు ఎట్లని భయపడని మనుష్యులు, ఏండ్ల తరబడి ఒకరి పని నొకరు ఎరిగి పనిచేయుటచే 'మాయాబజార్' వంటిది సాధ్యమైనదని మేము నమ్ముదుము. దీపములు మోసినవారు, గోడలు కట్టి రంగులు వేసినవారు చరిత్రగ్రంథముల కెక్కరైరి. పరిశ్రమ హైదరాబాదునకు తరలి వచ్చిన పిమ్మట అట్టివారికి గూడు కావలెనని పాటుపడిన నటుడు ఎం. ప్రభాకరరెడ్డిగారి పేరిట చిత్రపురి కాలనీ వెలసినది. కోట్లు కుమ్మరించి చిత్రములు తీయు ఈ కాలమునను, 2025 ఆగస్టులో దినవేతనముపై బ్రతుకు చిత్రకార్మికులు నూటికి ముప్పది వంతున కూలి పెంచుమని కోరి పక్షమునకు పైగా పనులు నిలుపవలసి వచ్చినది. స్త్రీల విషయ మింకను విచారకరము. కేరళ ప్రభుత్వము చిత్రరంగమున స్త్రీల స్థితిని విచారించుటకు 2017లో జస్టిస్ హేమ గారి యధ్యక్షతన సంఘమును నియమించెను. నివేదిక 2019 డిసెంబరున ప్రభుత్వమునకు చేరెను. ప్రజల కంటబడినది 2024 ఆగస్టున. నాలుగేండ్లకు పైగా అది బీరువాలో నుండెను. తెరపై అబలకు న్యాయము మూడు గంటలలో దొరకును. తెరవెనుక నివేదికకు వెలుతురు దొరకుటకే అంత కాలము పట్టినది.

చిరాగ్‌పల్లికి అనతిదూరమున, జహీరాబాదునకు చేరువనే పస్తాపూరు కలదు. 1983లో స్థాపితమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ కార్యస్థాన మది. స్థాపకులలో ముఖ్యులు పి.వి. సతీశ్ గారు అంతకు ముందు దూరదర్శన్‌లో కార్యక్రమములు నిర్మించినవారు. 2023 మార్చిలో కాలధర్మము చెందిరి. ఈ ప్రాంతపు పల్లెలలో భూమి స్వల్పముగా గల, లేక అసలే లేని దళితస్త్రీలు సంగములుగా ఏర్పడి, బీడుపడిన చెలకలను సాగులోనికి తెచ్చి, జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు మొదలగు పాతపంటలను కలగలిపి విత్తిరి. ఒకే చెలకలో పదికి మించిన పంటలు వేయుట వారి వాడుక. వాన ముందు వచ్చిన ఒకటి, వెనుక వచ్చిన మరియొకటి పండును. ఏ పంటయు పండని సంవత్సరము అరుదు. ఒకే పంటపై ఆధారపడుట షావుకారునకు లాభము గాని కడుపునకు కాదని వారెరుగుదురు. ఒక్క మనుష్యుడు సెలవు పెట్టిన స్తంభించిపోవు కార్యాలయములను నడపు పెద్దలు ఈ చెలకగట్టున ఒక దినము కూర్చుండుట మంచిది.

1990ల తుదిభాగమున ఈ స్త్రీలలో కొందరికి వీడియో కెమేరా చేతికిచ్చి పని నేర్పుట ప్రారంభమయ్యెను. బడి మెట్లెక్కనివారు, కొడవలి తప్ప వేరు పనిముట్టు పట్టనివారు అందు పెక్కురు. కెమేరాను ఎక్కడ నుంచిన బొమ్మ ఎట్లు మారునో తెలిసికొనునపుడు వారు చేసిన నామకరణములు చలనచిత్ర చరిత్రలో సువర్ణాక్షరములతో లిఖింపదగినవి. యంత్రమును ఎత్తున నుంచి క్రిందనున్న మనుష్యుని చూచిన అది పటేలు షాటు. ఏలయన పటేలు గద్దెపై కూర్చుండి నేలమీది కూలిదానిని అట్లే చూచును. క్రింద నుంచి పైకి చూచిన అది బానిస చూపు. కన్నునకు కన్ను సమముగా నున్న అది సంగము షాటు. సంగములో అందరును ఒకే నేలపై వలయముగా కూర్చుందురు గదా! పాశ్చాత్య గ్రంథములు ఈ కోణముల నన్నిటిని వర్ణించినవి. పైనుండి చూచిన మనుష్యుడు అల్పుడుగను, క్రిందినుండి చూచిన ఘనుడుగను కనబడునని చెప్పినవి. ఈ స్త్రీలు ఒక అడుగు ముందుకు వేసి, అట్లు చూచుచున్న వాడెవడో చెప్పిరి. కోణమునకు వారు పేరు పెట్టినది చూడబడు వాని ననుసరించి కాదు, చూచువాని ననుసరించి. ఈ భేదము సామాన్యము కాదు. కూలివాడు చిన్నవాడుగా కనబడుచున్నాడన్న దోషము కూలివానిపై పడును. పటేలు చూపుతో చూచుచున్నావన్న దోషము చూచువానిపైకి వచ్చును.

2001లో ఈ స్త్రీలు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడిరి. 2002లో మన దేశమున బీటీ పత్తికి అనుమతి లభించినపుడు వారు వరంగల్లు ప్రాంతమునకు పోయి, ఒక్కనాటి వార్తగా గాక, విత్తినది మొదలు పత్తి తీయు వరకు అవే చెలకలకు మరల మరల పోయి రైతులతో మాటలాడి చిత్రము తీసిరి. 2003లో వెలువడిన ఆ చిత్రము దేశాంతరములలోను ప్రదర్శితమయ్యెను. 2005లో కేంద్ర ఆమోద సంఘము ఆ తొలి మూడు రకములకు ఆంధ్రప్రదేశమున అనుమతిని పొడిగింప నిరాకరించెను. ఈ చిత్ర మొక్కటియే కారణమనుట సరికాదు. శాస్త్రజ్ఞుల పరిశీలనలు, రైతుల యాందోళనములు కూడ నుండెను. మాకు ముఖ్యముగా తోచిన దేమన, రైతు తన నష్టమును చెప్పుకొనునపుడు ఎదుట నేలపై కూర్చుండి వినుచున్నది మరియొక సేద్యగత్తె. ఆమె చేతిలో కెమేరా యున్నను వాడు తలవంచుకొని మాటలాడవలసిన పని లేదు. తనిఖీకి వచ్చిన అధికారికి రైతు చెప్పు మాటకును, ఈమెకు చెప్పు మాటకును వ్యత్యాస ముండక తప్పదు. ఏ సంస్థలోనైనను క్రింది నిజము పైకి రాకపోవుటకు కారణము నిజము చెప్పువారు లేక కాదు, వినువారి పీట ఎత్తుగా నుండుటయే.

వారి రేడియో కథ మరియొక పాఠము. యునెస్కో సాయముతో 1998లో మాచునూరున ప్రసార కేంద్రము సిద్ధమయ్యెను. కాని ఇట్టి సంస్థలకు ఆకాశవాణి నడపు ననుమతి నాటి నియమములలో లేదు. 1995లోనే సర్వోన్నత న్యాయస్థానము వాయుతరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పినది కాని, ఆ తీర్పు మాచునూరుకు చేరుటకు పుష్కరకాలము దాటినది. ఈలోగా ఆ స్త్రీలు కార్యక్రమములు టేపులపై తయారుచేసి సంగముల సమావేశములలో వినిపించుచుండిరి. ప్రసారమునకు అనుమతి లేదని పని మానలేదు. చెవులున్న చోటికి టేపును మోసికొనిపోయిరి. 2006లో నియమములు సడలెను. 2008 అక్టోబరు 15న సంగం రేడియో ప్రసారము లారంభించెను. ఆరంభించినవారు ఆ 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో నొకరైన జస్టిస్ పి.బి. సావంత్ గారే. మూడు నెలలు లాభము తగ్గిన పనివారిని వీధిలోనికి నెట్టు సంస్థలను మన మెరుగుదుము. పదియేండ్లు తరంగము లేని రేడియోను నడపినవారిని గూర్చి మన వ్యాపారవిద్యాలయములలో ఎంతమంది చదువుచున్నారు?

సంగము వేరు, కర్మాగారము వేరు; సంగమున యజమాని లేడు, జీతముల పట్టీ లేదు, గడువు మీరిన జరిమానా లేదు, గనుక ఈ పోలిక చెల్లదని మా మిత్రులొకరు వాదించిరి. వారు చెప్పినది కొంతవరకు నిజము. మరియు సంగములకు సైతము వెలుపలినుండి వచ్చిన విద్యావంతుల చేయూత యుండెననుట కాదనరానిది. అయినను, ఉక్కు కరగించు చోటైనను, కొర్రలు నూర్చు చోటైనను, మాట వినబడు ఎత్తొకటి యుండును. అధికారి గది మూడవ యంతస్తున నుండుట తప్పు కాదు. అతడు క్రిందికి దిగుట యజ్ఞమువలె సంవత్సరమున కొకమారు, ఛాయాచిత్రకారుని వెంటబెట్టుకొని జరుగుటయే తప్పు. నేడు కర్మాగారముల పైకప్పుల నుండి కెమేరాలు వ్రేలాడుచున్నవి. దొంగతనము లాపుటకని చెప్పుదురు. అవి చూచునది మాత్రము పటేలు షాటే. చాప్లిన్ తొంబది యేండ్ల క్రిందట గోడపై చూపిన ముఖము నేడు పైకప్పు నెక్కినది.

ఇంతదూరము ఇతరులను విమర్శించి మా యింటిని వదలుట న్యాయము కాదు. మా తరగతిగదులలో ఉపాధ్యాయునకు ఎత్తైన అరుగు కలదు. ఇరువది యేండ్లుగా మేము దానిపై నిలిచియే పాఠము చెప్పితిమి. మధ్యాహ్నపు వంట చేయు ఆమె లెక్కలు చెప్పుటకు వచ్చిన కుర్చీలోనుండియే వింటిమి. ఆమె గడపదాటక నిలిచియే చెప్పెను. మేమెన్నడును ఆమెను నిలుమనలేదు, కూర్చుండుమనియు అనలేదు. గోడమీది మనిషిని గూర్చి ఆ బాలిక యడిగిన దినమున మేము అరుగుపైనే యుంటిమను సంగతి ఇంటికి పోవుచుండగా జ్ఞప్తికి వచ్చినది.

పిదప పిల్లలకు ఒక పని యిచ్చితిమి: బడిలో పనిచేయు వారిని ఫోనుతో చిత్రించి తెండని. పదునేడు చిత్రములు వచ్చెను. అధికభాగము ప్రధానోపాధ్యాయుల గదివి, కొన్ని మావియే. పిల్లలకు మాపై గల భయభక్తులు అందు కనబడుచుండెను. ఆ బాలిక మాత్రము వంటశాలకు పోయినదట. బియ్యము చెరుగుచున్న యామె, "నా ఫోటో ఎందుకు బిడ్డా, పనున్నది" అని ముఖము చాటు చేసికొనగా, పిల్ల ఫోను క్రింద పెట్టి, చేట అందుకొని కొంతసేపు తానును చెరిగి, ఆమె యెదుట బాసీపట్టు వేసికొని కూర్చున్న తరువాత చిత్రము తీసినది. అందు ఆమె నవ్వుచున్నది. చేటనుండి ఎగిరిన తౌడు వెలుతురులో మెరయుచున్నది. వెనుక ద్వారమున ఎవరో నిలిచియున్నారు. కొంచెము పరికించి చూడగా అది మేమే. భోజనము సిద్ధమైనదా యని యడుగ వచ్చిన సమయమై యుండును. చిత్రమున మా నడుము వరకే పడినది, శిరస్సు పడలేదు.